మొదటి లినక్స్ డిస్ట్రో: ఏది తీసుకోవాలి, ఎలా పెట్టుకోవాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

అంతా చదివే ఓపిక లేదు. ఏది పెట్టుకోమంటారు?

లినక్స్ మింట్, సినమన్ ఎడిషన్. ర్యామ్ 4 జీబీ లేదా అంతకంటే తక్కువైతే మింట్‌లోనే తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్. కంప్యూటర్ మరీ కొత్త మోడల్ అయి, మింట్‌లో వైఫైయో గ్రాఫిక్సో పలకకపోతే ఫెడోరా. ఎక్కువమందికి ఇక్కడితో సరిపోతుంది. ఇకపై రాసిందంతా ఇవే ఎందుకు, పెట్టేటప్పుడు ఎక్కడ తేడా కొడుతుంది అన్న సంగతులు.

డిస్ట్రో అంటే ఏమిటి? అన్నీ లినక్సే అయితే ఇన్ని ఎందుకున్నాయి?

లినక్స్ అన్నది కెర్నల్ పేరు. 1991లో లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టాడు. ప్రాసెసర్, మెమరీ, డిస్క్, వైఫై కార్డు లాంటి వాటిని నడిపించడం దాని పని. వట్టి కెర్నల్‌తో మనం చేసుకోగలిగింది ఏమీ ఉండదు. డెస్క్‌టాప్, ఫైల్ మేనేజర్, బ్రౌజర్, ఇన్‌స్టాలర్, అప్‌డేట్లు పంపే ఏర్పాటు ఇవన్నీ దానికి జతచేసి ఇచ్చేదే డిస్ట్రిబ్యూషన్, వాడుకలో డిస్ట్రో.

వందల పేర్లు చూసి కంగారు పడనక్కర్లేదు. కొత్తవాళ్లకు తెలిసే తేడాలు మూడే: కొత్త వెర్షన్లు ఎంత తరచుగా వస్తాయి, డ్రైవర్లూ (హార్డ్‌వేర్‌ను నడిపించే ప్రోగ్రాములు) వీడియో కోడెక్‌లూ (వీడియోలు ఆడటానికి కావలసినవి) ఎంత సులభంగా దొరుకుతాయి, తెరమీద కనబడే డెస్క్‌టాప్ ఏది. మిగతాదంతా చాలావరకు ఒకే సాఫ్ట్‌వేర్. పైగా వీటిలో ఎక్కువ ఒకే వంశానివి. 1993లో మొదలైన డెబియన్ నుంచి 2004లో ఉబుంటు వచ్చింది, ఉబుంటు మీద 2006లో మింట్ వచ్చింది. అందుకే ఉబుంటు సమస్యకు దొరికిన పరిష్కారం మింట్‌లోనూ చాలాసార్లు అలాగే పనిచేస్తుంది. కొత్తవాళ్లకు ఇది చిన్న లాభం కాదు.

డిస్ట్రోవాచ్‌లో మొదటి ర్యాంకు ఉన్నది తీసుకుంటే పోలేదా?

ఆ ర్యాంకులు చెప్పేది ఆ సైట్‌లో ఏ డిస్ట్రో పేజీని ఎక్కువగా తెరిచారన్నది మాత్రమే. ఎంతమంది వాడుతున్నారో, మీ ల్యాప్‌టాప్‌లో పనిచేస్తుందో లేదో వాటిని బట్టి తెలియదు.

ఎల్‌టీఎస్, రోలింగ్ అంటున్నారు. నాకేది?

ఎల్‌టీఎస్ అంటే ఎక్కువకాలం సపోర్ట్ ఉండే వెర్షన్. ఉబుంటులో సరిసంఖ్య సంవత్సరాల ఏప్రిల్‌లో ఒక ఎల్‌టీఎస్ వస్తుంది, మామూలుగా 5 ఏళ్లు సెక్యూరిటీ అప్‌డేట్లు అందుతాయి. మధ్యలో ఆరు నెలలకొకటి వచ్చే వెర్షన్లకు సపోర్ట్ 9 నెలలే. ఉబుంటు సైట్‌లో రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి. కొత్త నంబరు చూసి రెండోది దింపుకున్నవాళ్లు ఏడాది తిరక్కుండానే అప్‌గ్రేడ్ చేయక తప్పదు. డౌన్‌లోడ్ చేసేముందు పేరు పక్కన ఎల్‌టీఎస్ అని ఉందో లేదో చూసుకోండి. మింట్‌లో ఈ గొడవ లేదు, ప్రధాన మింట్ ఎప్పుడూ ఎల్‌టీఎస్ మీదే కడతారు. 2024లో వచ్చిన మింట్ 22కు ఆధారం ఉబుంటు 24.04, దానికి 2029 వరకు అప్‌డేట్లు వస్తాయి.

రోలింగ్ డిస్ట్రోల్లో వెర్షన్ నంబర్లంటూ ఉండవు, కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చినకొద్దీ వస్తూనే ఉంటుంది. ఆర్చ్ అలాంటిదే. బాగానే నడుస్తుంది, కానీ ఒక అప్‌డేట్ తర్వాత ఏదైనా ఆగిపోతే కారణం వెతికి సరిచేసుకునే పని మీ మీదే పడుతుంది. రెండో డిస్ట్రోగా చూడొచ్చు.

ఉబుంటు పేరు అందరూ వింటారు కదా, మింట్‌ని ముందు పెట్టారేం?

ఉబుంటు చెడ్డదేం కాదు, తీసుకుంటే నష్టమూ లేదు. మింట్‌ని ముందు పెట్టడానికి కారణాలు చిన్నవి. సినమన్ డెస్క్‌టాప్‌లో కింద ప్యానెల్, ఎడమ మూల మెనూ, కుడి మూల గడియారం ఉంటాయి. విండోస్ నుంచి వచ్చినవాళ్లకు చేయి తడబడదు. ఉబుంటులోని గ్నోమ్ డెస్క్‌టాప్ తీరు వేరు, అలవాటు కావాలి. డ్రైవర్ మేనేజర్, అప్‌డేట్ మేనేజర్, సిస్టమ్‌ను పాత స్థితికి తెచ్చే టైమ్‌షిఫ్ట్ మింట్‌లో మొదటి రోజే ఎదురుగా ఉంటాయి. ఇంకోటి స్నాప్. ఉబుంటులో ఫైర్‌ఫాక్స్ లాంటివి స్నాప్ ప్యాకేజీలుగా వస్తాయి, పాత హార్డ్‌డిస్క్ ఉన్న కంప్యూటర్లలో అవి మొదటిసారి తెరుచుకోవడానికి బాగా సమయం పడుతుంది. మింట్ స్నాప్‌ను ముందే ఆపేసి ఇస్తుంది.

గ్నోమ్ నచ్చినవాళ్లు నిక్షేపంగా ఉబుంటు ఎల్‌టీఎస్ తీసుకోవచ్చు. కేడీఈ ప్లాస్మా డెస్క్‌టాప్ కావాలంటే కుబుంటు.

ఫెడోరా ఎవరికి?

హార్డ్‌వేర్ కొత్తదైనవాళ్లకు. కొత్త వైఫై చిప్‌లకూ గ్రాఫిక్స్‌కూ డ్రైవర్లు ఎక్కువగా కెర్నల్‌లోనే వస్తాయి కాబట్టి, కెర్నల్ ఎంత కొత్తదైతే కొత్త ల్యాప్‌టాప్ అంత బాగా పనిచేస్తుంది. ఫెడోరా దాదాపు ఆరు నెలలకొక వెర్షన్ ఇస్తూ, ఆ మధ్యలో కూడా కొత్త కెర్నళ్లు అందిస్తుంది. ఒక్కో వెర్షన్‌కు సపోర్ట్ సుమారు 13 నెలలు, అంటే ఏడాదికి ఒకసారైనా అప్‌గ్రేడ్ తప్పదు. లైసెన్స్, పేటెంట్ చిక్కుల వల్ల కొన్ని వీడియో కోడెక్‌లు అందులో ఉండవు, ఆర్‌పీఎం ఫ్యూజన్ అనే రిపాజిటరీ (సాఫ్ట్‌వేర్ దొరికే భాండారం) కలుపుకుంటే వస్తాయి. మొదటిసారి బూట్ అయినప్పుడు థర్డ్ పార్టీ రిపాజిటరీల గురించి అడిగితే ఆన్ చేయండి. ఎన్విడియా డ్రైవర్, గేమ్స్ యాప్ స్టీమ్ అక్కడినుంచే వస్తాయి.

డెబియన్, కాలీ?

డెబియన్ రాయిలా నిలబడుతుంది. 12వ వెర్షన్ (2023) నుంచి వైఫై ఫర్మ్‌వేర్ కూడా అధికారిక ఇన్‌స్టాలర్‌లోనే ఉంది కాబట్టి మునుపటి కష్టం లేదు. అయినా ఇన్‌స్టాలర్ అడిగే ప్రశ్నలు ఎక్కువ, ఇన్‌స్టాల్ అయ్యాక చేసుకోవాల్సిన పనులూ ఎక్కువే.

కాలీ సెక్యూరిటీ పరీక్షల కోసం చేసింది. లినక్స్ తెలియనివాళ్లకు, రోజువారీ డెస్క్‌టాప్‌గా వాడాలనుకునేవాళ్లకు తగదని దాన్ని తయారుచేసేవాళ్లే చెబుతారు. హ్యాకింగ్ నేర్చుకోవాలన్నా ముందు మింట్ పెట్టుకుని, కాలీని వర్చువల్‌బాక్స్‌లో (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ను నడిపే ప్రోగ్రాం) నడపండి.

పాత కంప్యూటర్‌కు లినక్స్ ప్రాణం పోస్తుందంటారు. నిజమేనా?

కొంతవరకు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ లేక, ప్రాసెసర్ పాతదై విండోస్ 11కు నోచుకోని యంత్రాలు చాలానే ఉన్నాయి. 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉంటే అలాంటివాటిలో మింట్ ఇబ్బంది లేకుండా నడుస్తుంది. మింట్ అడిగే కనీసం 2 జీబీ ర్యామ్, 20 జీబీ డిస్క్. హాయిగా వాడాలంటే 4 జీబీ, 100 జీబీ ఉండాలని వాళ్లే అంటారు.

అయితే 2 జీబీ ర్యామ్ ఉన్న కంప్యూటర్‌లో ఎంత తేలికైన డిస్ట్రో పెట్టినా, బ్రౌజర్‌లో నాలుగైదు ట్యాబ్‌లు తెరవగానే ఊపిరాడదు. ర్యామ్‌ను తినేది డిస్ట్రో కాదు, వెబ్‌సైట్లు. డిస్ట్రోలు మార్చి చూసే సమయానికి, తిరిగే హార్డ్‌డిస్క్ తీసేసి ఎస్‌ఎస్‌డీ పెడితే వచ్చే తేడా చాలా ఎక్కువ. ప్రాసెసర్ 32 బిట్‌ది అయితే దారి ఇంకా ఇరుకు, డెబియన్ కూడా 13వ వెర్షన్ (2025) నుంచి 32 బిట్ ఇన్‌స్టాలర్ ఆపేసింది.

పెన్‌డ్రైవ్ ఎలా తయారుచేయాలి?

8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు. డిస్ట్రో మొత్తం ఒకే ఫైల్‌గా వచ్చేదే ఐఎస్‌ఓ. మింట్ ఐఎస్‌ఓ ఫైల్ సుమారు 3 జీబీ, ఉబుంటుది దానికి దాదాపు రెట్టింపు. పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది కాబట్టి ముందు వేరేచోటికి కాపీ చేసుకోండి.

1. డిస్ట్రో సొంత సైట్ నుంచే ఐఎస్‌ఓ దింపండి. 64 బిట్‌ది.
2. చెక్‌సమ్ (ఫైల్ చెడకుండా దిగిందో లేదో చెప్పే కోడ్) సరిచూడండి. విండోస్‌లో 7-జిప్ ఉంటే, ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి సీఆర్‌సీ ఎస్‌హెచ్‌ఏ మెనూలో ఎస్‌హెచ్‌ఏ-256 నొక్కితే ఒక పొడవాటి వరుస వస్తుంది. డౌన్‌లోడ్ పేజీలో ఇచ్చినదానితో అది అక్షరం పొల్లుపోకుండా కలవాలి. ఈ అడుగు దాటేసేవాళ్లే ఎక్కువ. సగంలో దెబ్బతిన్న డౌన్‌లోడ్ ఇన్‌స్టాల్ మధ్యలో వింత ఎర్రర్‌గా తేలుతుంది, తప్పు డిస్ట్రో మీద పడుతుంది.
3. రూఫస్‌లో గానీ బలీనా ఎచర్‌లో గానీ ఆ ఫైల్, పెన్‌డ్రైవ్ ఎంచుకుని రాయించండి. రూఫస్‌లో పార్టిషన్ స్కీమ్ జీపీటీ ఉంచండి. బాగా పాత, యూఈఎఫ్‌ఐ (పాత బయోస్ స్థానంలో వచ్చినది) లేని కంప్యూటర్ అయితేనే ఎంబీఆర్.
4. రాయడం అయ్యాక "ఫార్మాట్ చేయాలా?" అని విండోస్ అడిగితే క్యాన్సిల్ నొక్కండి. ఆ పార్టిషన్ దానికి అర్థం కాక అడుగుతుంది, పెన్‌డ్రైవ్ పాడై కాదు.

రెండు మూడు డిస్ట్రోలు పోల్చి చూడాలనుకుంటే వెంటాయ్ మేలు. పెన్‌డ్రైవ్‌ను ఒకసారి దానితో సిద్ధం చేస్తే, ఐఎస్‌ఓలను మామూలు ఫైళ్లలా కాపీ చేసుకోవడమే.

బూట్ మెనూ కోసం కంప్యూటర్ ఆన్ చేస్తూనే డెల్, లెనోవో అయితే సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీ అయితే ఎస్కేప్ లేదా ఎఫ్9, ఆసుస్ ల్యాప్‌టాప్ అయితే ఎస్కేప్ వరుసగా నొక్కండి. ఏసర్‌లో ఎఫ్12 మెనూను ముందు బయోస్‌లో (విండోస్‌కు ముందే తెరుచుకునే కంప్యూటర్ సెట్టింగ్స్) ఆన్ చేయాల్సి రావచ్చు.

ఇన్‌స్టాల్ చేయకుండా చూడొచ్చా?

చూడొచ్చు కాదు, చూసి తీరాలి. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ అయ్యేదాన్ని లైవ్ సెషన్ అంటారు. ఇన్‌స్టాల్ ఐకాన్ నొక్కనంతవరకు మీ డిస్క్ జోలికి పోదు. ఏ డిస్ట్రో తీసుకోవాలన్న ప్రశ్నకు అసలు జవాబు మీ హార్డ్‌వేరే ఇస్తుంది, అది ఇక్కడే తెలుస్తుంది. అరగంట కూర్చుని ఇవి చూడండి.

వైఫైకి కనెక్ట్ అయి ఒక వీడియో నడపండి, స్పీకర్‌లోనూ హెడ్‌ఫోన్‌లోనూ వినండి. వెలుతురు తగ్గించే పెంచే కీలు, టచ్‌ప్యాడ్‌పై రెండు వేళ్ల స్క్రోల్, కెమెరా, మైక్, బ్లూటూత్, బయటి మానిటర్ పరీక్షించండి. అన్నిటికన్నా ముఖ్యం, అందరూ మరిచిపోయేది: ల్యాప్‌టాప్ మూత మూసి, రెండు నిమిషాలాగి తెరవండి. నల్ల తెర అలాగే ఉండిపోతే స్లీప్ సమస్య ఉన్నట్టే. అదే పరీక్ష ఫెడోరా లైవ్‌లో చేసి చూస్తే కొత్త కెర్నల్‌తో పోతుందో లేదో తేలిపోతుంది. లైవ్ కాస్త నెమ్మదిగా ఉంటుంది, అది పెన్‌డ్రైవ్ వేగం, దాన్ని పట్టించుకోకండి.

వర్చువల్‌బాక్స్‌లో డెస్క్‌టాప్ ఎలా ఉందో తెలుస్తుంది గానీ హార్డ్‌వేర్ గురించి ఏమీ తెలియదు.

బూట్ అవగానే తెర నల్లగా అయిపోయింది.

ఎక్కువసార్లు ఎన్విడియా కార్డు వల్ల. మింట్ బూట్ మెనూలో కంపాటిబిలిటీ మోడ్, ఉబుంటులో సేఫ్ గ్రాఫిక్స్ ఎంచుకోండి. ఇన్‌స్టాల్ అయ్యాక డ్రైవర్ మేనేజర్ తెరిచి (ఉబుంటులో అడిషనల్ డ్రైవర్స్) "రికమెండెడ్" అని ఉన్న ఎన్విడియా డ్రైవర్ వేసి రీస్టార్ట్ చేయండి. ఎన్విడియా సైట్ నుంచి ఫైల్ దింపి వేయకండి, తర్వాత కెర్నల్ మారినప్పుడు విరిగిపోయే అవకాశం ఎక్కువ.

సెక్యూర్ బూట్ ఆపేయాలా?

నమ్మకమైన సంతకం ఉన్న సాఫ్ట్‌వేర్‌నే బూట్ కానిచ్చే ఏర్పాటు అది. మింట్, ఉబుంటు, ఫెడోరా, డెబియన్‌లకు ఆపక్కర్లేదు. కాకపోతే సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉండి ఎన్విడియా లాంటి బయటి డ్రైవర్ వేస్తే, ఉబుంటు, మింట్ ఒక పాస్‌వర్డ్ పెట్టమంటాయి. అది కాగితం మీద రాసుకోండి. తర్వాతి బూట్‌లో నీలం తెర ఒకటి కొన్ని సెకన్లపాటు వస్తుంది. అక్కడ ఎన్‌రోల్ మోక్, కంటిన్యూ, యెస్ నొక్కి ఆ పాస్‌వర్డ్ ఇవ్వాలి. ఏదో ఎర్రర్ అనుకుని దాటేస్తే డ్రైవర్ వేసినట్టే ఉంటుంది గానీ లోడ్ కాదు. "డ్రైవర్ వేశాను, అయినా రిజల్యూషన్ మారలేదు" అన్న ఫిర్యాదులో చాలాసార్లు ఉండే సంగతి ఇదే.

విండోస్ ఉంచుకుని పక్కన లినక్స్ పెట్టుకోవడం ఎలా?

దీన్నే డ్యుయల్ బూట్ అంటారు. రెండు డిస్కులు ఉంటే ఒక్కోదానికి ఒక్కోటి ఇవ్వడం అన్నిటికన్నా భద్రం. ఒకే డిస్క్ అయితే విండోస్‌లో ఉండగానే నాలుగు పనులు చేయాలి.

మొదటిది బ్యాకప్. ముఖ్యమైన ఫైళ్లు వేరే డిస్క్‌లోకి పోవాలి, అదే డిస్క్‌లో ఇంకో డ్రైవ్‌లోకి కాదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం ఎక్కువగా జరిగేది పార్టిషన్ల దగ్గరే.

రెండోది బిట్‌లాకర్, అంటే విండోస్ డిస్క్‌కు వేసే ఎన్‌క్రిప్షన్ తాళం. విండోస్ 11తో వచ్చిన చాలా ల్యాప్‌టాప్‌లలో డివైస్ ఎన్‌క్రిప్షన్ మనకు తెలియకుండానే ఆన్‌లో ఉంటుంది. బూట్ సెట్టింగ్స్ మారగానే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఆ కీ ఉందో లేదో ముందే చూసి రాసుకోండి, ఆపైన ఎన్‌క్రిప్షన్ ఆపండి. డిస్క్ పూర్తిగా డిక్రిప్ట్ అయ్యేదాకా ఆగాలి.

మూడోది ఫాస్ట్ స్టార్టప్. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కు వెళ్లి, పవర్ బటన్ సెట్టింగ్స్‌లో దాన్ని తీసేయండి. అది ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ సగం నిద్రలోనే ఉంటుంది. అప్పుడు లినక్స్ ఆ డ్రైవ్‌ను చదవడానికి మాత్రమే తెరుస్తుంది, లేదా అసలు తెరవదు.

నాలుగోది చోటు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సీ డ్రైవ్‌పై రైట్ క్లిక్ చేసి ష్రింక్ వాల్యూమ్‌తో 100 జీబీ విడదీయండి, 50 జీబీకి తగ్గవద్దు. ఖాళీ బోలెడు ఉన్నా కొద్దిగానే ఇస్తానంటే, పేజ్ ఫైల్, హైబర్నేషన్ ఫైల్ లాంటి కదలని ఫైళ్లు అడ్డున్నాయన్నమాట. వాటిని తాత్కాలికంగా ఆపి రీస్టార్ట్ చేసి మళ్లీ ప్రయత్నించండి. ఆ ఖాళీని ఫార్మాట్ చేయకుండా అలాగే వదలండి.

తర్వాత ఇన్‌స్టాలర్‌లో "విండోస్ బూట్ మేనేజర్‌తో పాటు" అన్న ఆప్షన్ ఎంచుకుంటే ఆ ఖాళీలో మిగతాదంతా అదే సర్దుకుంటుంది. "ఎరేజ్ డిస్క్" అంటే విండోస్‌తో సహా మొత్తం పోతుంది. పార్టిషన్లు మీరే చేస్తుంటే, ఉన్న ఈఎఫ్‌ఐ పార్టిషన్‌ను (బూట్ ఫైళ్లు ఉండేది) వాడండి గానీ ఫార్మాట్ టిక్ పెట్టకండి.

ఇన్‌స్టాలర్‌కు నా డిస్కే కనిపించడం లేదు.

బయోస్‌లో స్టోరేజ్ మోడ్ ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ లేదా రైడ్ అని ఉండి ఉంటుంది. ఏహెచ్‌సీఐకి మార్చాలి. ఊరికే మారిస్తే విండోస్ నీలం తెరతో ఆగిపోతుంది. ముందు విండోస్‌లో ఎంఎస్‌కాన్ఫిగ్ తెరిచి సేఫ్ బూట్ టిక్ పెట్టండి. రీస్టార్ట్ చేస్తూ బయోస్‌లో మోడ్ మార్చండి, సేఫ్ మోడ్‌లో ఒకసారి విండోస్ తెరుచుకోనివ్వండి, తర్వాత ఆ టిక్ తీసేయండి. ఈ మార్పుకు ముందు కూడా బిట్‌లాకర్ కీ దగ్గర ఉండాలి.

వైఫై రావడం లేదు. డ్రైవర్‌కు ఇంటర్నెట్ కావాలి, ఇంటర్నెట్‌కు డ్రైవర్ కావాలి!

ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. ఆండ్రాయిడ్ ఫోన్లు మామూలుగా ఏ డ్రైవర్ లేకుండానే నెట్‌వర్క్ కార్డులా కనిపిస్తాయి. తర్వాత డ్రైవర్ మేనేజర్ తెరవండి. ఇంటెల్ వైఫై సాధారణంగా ఇబ్బంది పెట్టదు, బ్రాడ్‌కామ్ చిప్‌లకు విడిగా డ్రైవర్ కావాలి. చిన్న యూఎస్‌బీ వైఫై డాంగిల్స్‌లో రియల్‌టెక్ చిప్‌లు ఉన్నవి కొన్ని సతాయిస్తాయి. కొనేముందు ఆ చిప్ నంబరు కెర్నల్‌లో ఉందో లేదో వెతకడం మంచిది.

విండోస్‌కు మారినప్పుడల్లా గడియారం తప్పు చూపిస్తోంది.

మదర్‌బోర్డు గడియారాన్ని విండోస్ స్థానిక సమయం అనుకుంటుంది, లినక్స్ యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అనుకుంటుంది. లినక్స్ టెర్మినల్‌లో (కమాండులు కొట్టే కిటికీ) టైమ్‌డేట్‌సీటీఎల్ కమాండుతో సెట్-లోకల్-ఆర్‌టీసీ విలువను 1 చేస్తే రెండూ కలుస్తాయి.

ఆఫీస్, ఫోటోషాప్, గేమ్స్ సంగతి?

మైక్రోసాఫ్ట్ ఆఫీస్‌కు లినక్స్ వెర్షన్ లేదు. బ్రౌజర్‌లో వెబ్ వెర్షన్ వాడొచ్చు. లిబ్రేఆఫీస్ మామూలు పత్రాలను బాగానే తెరుస్తుంది, క్లిష్టమైన ఫార్మాటింగ్, మాక్రోలు ఉన్నవాటిలో తేడాలొస్తాయి. ఫోటోషాప్ మీద బతుకుతెరువు ఉన్నవాళ్లు విండోస్ తీసేయకండి. వైన్‌తో (విండోస్ ప్రోగ్రాములను లినక్స్‌లో నడిపేది) ఏదోలా నడిపిద్దాంలే అనుకుని గడువు దగ్గరపడ్డాక చిక్కుకోవద్దు.

గేమ్స్ 2018లో స్టీమ్‌లోకి ప్రోటాన్ వచ్చాక బాగా మారాయి, విండోస్ గేమ్స్ చాలా నడుస్తాయి. ఆన్‌లైన్ పోటీ గేమ్స్‌లోనే చిక్కు. వాలరెంట్, ఫోర్ట్‌నైట్ నడవవు. యాంటీ-చీట్ అడ్డం, డిస్ట్రో మార్చినా ఫలితం ఉండదు. మీ గేమ్ పేరు ప్రోటాన్‌డీబీలో వెతికి చూడండి.

సాఫ్ట్‌వేర్ ఎక్కడినుంచి దింపుకోవాలి?

సాఫ్ట్‌వేర్ మేనేజర్ నుంచి. అక్కడ మామూలు ప్యాకేజీలు, ఫ్లాట్‌ప్యాక్‌లు (ఏ డిస్ట్రోలోనైనా నడిచే ప్యాకేజీలు) రెండూ కనిపిస్తాయి. ఫ్లాట్‌ప్యాక్ కొత్త వెర్షన్ ఇస్తుంది గానీ డిస్క్‌లో ఎక్కువ చోటు తింటుంది. సైట్లు తిరిగి సెటప్ ఫైళ్లు దింపే విండోస్ అలవాటు మానుకోండి. ఎవరో రాశారని పీపీఏలు (బయటివాళ్ల రిపాజిటరీలు) కలుపుకుంటూ పోతే, వెర్షన్ అప్‌గ్రేడ్ రోజున అవే గొంతుకు అడ్డం పడతాయి.

తెలుగులో టైప్ చేయడం?

అక్షరాలు చూడటానికి ఇబ్బంది ఉండదు. పెట్టెలు కనిపిస్తే నోటో లేదా లోహిత్ తెలుగు ఫాంట్ వేయండి. ఇన్‌స్క్రిప్ట్ తెలిసినవాళ్లు కీబోర్డ్ సెట్టింగ్స్‌లో తెలుగు లేఅవుట్ కలుపుకుంటే చాలు. ఇంగ్లిష్ అక్షరాలతో ఉచ్చారణను బట్టి కొట్టేవాళ్లు ఐబస్-ఎం17ఎన్ ప్యాకేజీ వేసుకుని, లాగ్ అవుట్ అయి వచ్చి, ఐబస్ సెట్టింగ్స్‌లో తెలుగు కింద ఆర్‌టీఎస్ లేదా ఐట్రాన్స్ ఎంచుకోవాలి. లాగ్ అవుట్ కాకపోతే జాబితాలో కనబడక కంగారు పెడుతుంది.

టెర్మినల్ నేర్చుకోక తప్పదా?

మింట్‌లో రోజువారీ పనికి అక్కర్లేదు. సహాయం అడిగినప్పుడు మాత్రం ఎవరైనా ఒక కమాండే చెబుతారు, ఎందుకంటే పది మెనూల వివరణ కంటే అదే చిన్నది. సుడో (అడ్మిన్ అధికారంతో నడిపే) కమాండుకు పాస్‌వర్డ్ కొడుతుంటే తెరమీద చుక్కలు కూడా కనబడకపోవచ్చు. కీబోర్డ్ పాడవలేదు, కొట్టి ఎంటర్ నొక్కండి. అర్థం కాని కమాండును సుడోతో అతికించకండి.

ఏదైనా చెడిపోతే వెనక్కి ఎలా?

ఇన్‌స్టాల్ అయిన రోజే టైమ్‌షిఫ్ట్ తెరిచి, ఆర్‌సింక్ పద్ధతిలో రోజుకో స్నాప్‌షాట్ (ఆనాటి సిస్టమ్ నకలు) పెట్టండి, రెండు మూడు ఉంచితే చాలు. అప్‌డేట్ వికటిస్తే పాత స్నాప్‌షాట్‌కు పోవచ్చు. డెస్క్‌టాప్ రాకపోయినా లైవ్ పెన్‌డ్రైవ్ నుంచి టైమ్‌షిఫ్ట్ నడుస్తుంది, కాబట్టి ఆ పెన్‌డ్రైవ్‌ను చెరపకండి. ఒక జాగ్రత్త: టైమ్‌షిఫ్ట్ దాచేది సిస్టమ్‌ను, మీ ఫోటోలనూ పత్రాలనూ కాదు. వాటికి వేరే బ్యాకప్ ఉండాల్సిందే.

నచ్చలేదు. లినక్స్ తీసేసి విండోస్ ఒక్కటే ఉంచుకోవాలంటే?

వరుస తప్పకూడదు. లినక్స్ పార్టిషన్లను ముందే చెరిపేస్తే గ్రబ్ (లినక్స్ బూట్‌లోడర్) రెస్క్యూ అన్న నల్ల తెర దగ్గర ఆగిపోతారు. ముందు బయోస్‌లోకి వెళ్లి బూట్ వరుసలో విండోస్ బూట్ మేనేజర్‌ను పైకి తెచ్చి, విండోస్ నేరుగా తెరుచుకుంటోందని చూసుకోండి. అక్కడి జాబితాలో మింట్ పేరు లేక ఉబుంటు అని ఉంటే అదే మింట్, రెండూ బూట్‌లోడర్‌కు ఆ పేరే వాడుతున్నాయి. తర్వాత డిస్క్ మేనేజ్‌మెంట్‌లో లినక్స్ పార్టిషన్‌ను డిలీట్ చేసి, సీ డ్రైవ్‌ను ఎక్స్‌టెండ్ చేయండి. చిన్నగా, వందల ఎంబీల్లో ఉండే ఈఎఫ్‌ఐ పార్టిషన్‌ను మాత్రం ముట్టుకోకండి, విండోస్ బూట్ అయ్యేదీ దానినుంచే.